పదిహేడో అంతస్తు కోసం బలగ ఇల్లు అమ్మాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం, బలగ. నేను టీచర్ని, వచ్చే మే నెలాఖరుకి రిటైరవుతాను. మావారు ఇప్పటికే రిటైరయ్యారు. 150 గజాల్లో ముప్పై ఏళ్ళ నాటి డాబా ఇల్లు మాది. 84 ఏళ్ళ అత్తగారు మాతోనే ఉంటారు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయీ అల్లుడూ విశాఖలో ఉద్యోగాలు చేస్తున్నారు. మా అల్లుడు మధురవాడలో కడుతున్న 22 అంతస్తుల అపార్టుమెంటులో 17వ అంతస్తు ఫ్లాటు చూపించాడు. అంతస్తుకి ఎనిమిది ఫ్లాట్లు, మూడు లిఫ్టులు. మాది 1,750 చదరపు అడుగులు, లోపల కార్పెట్ ఏరియా 1,190. అడుగు 6,200, ఆరో అంతస్తు నుంచి పైకెళ్ళే కొద్దీ అంతస్తుకి అడుగుకి 20 రూపాయలు అదనం. విడదీయని భూమి వాటా 38 గజాలు. రెండేళ్ళలో తాళాలిస్తారట. బలగ ఇల్లు 75 లక్షలకి అడుగుతున్నారు. దానికి నా రిటైర్మెంటు డబ్బు కలిపి, తగ్గింది అబ్బాయి లోను పెడితే సరిపోతుందంటున్నారు. భోగాపురం ఎయిర్‌పోర్టు వల్ల రేటు రెట్టింపవుతుందట. పండగ ఆఫరు నెలాఖరు వరకేనని రెండు లక్షలు టోకెన్ అడుగుతున్నారు. మావారికి ఇష్టమే. నాకే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు:

టీచరు గారూ,

బలగ ఇల్లు ఇప్పుడే అమ్మకండి. పదిహేడో అంతస్తు సంగతి తరవాత చూద్దాం. ఈ రెంటినీ కలిపి ఒకే ముడి వేసేశారు మీవాళ్ళు. మీకు ఊపిరాడనిది అందుకే.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇల్లు ఇప్పుడు అమ్ముతారు, ఫ్లాటు రెండేళ్ళకి వస్తుంది. ఈ మధ్యలో అత్తగారిని తీసుకుని మీరెక్కడ ఉంటారో ఎక్కడా లేదు. అమ్మాయి ఇంట్లోనా? అల్లుడి ఇంట్లో నెల రోజులుండటం వేరు, రెండేళ్ళు ఉండటం వేరు. అది మీ అత్తగారికి నేను చెప్పక్కర్లేదు, ఆవిడే మీకు చెబుతారు. అద్దె ఇంట్లో అంటే ఆ అద్దె కూడా ఫ్లాటు ఖరీదులో కలపాలి. పైగా రెండేళ్ళన్నది అమ్మేవాళ్ళ నోటి మాట. ఇళ్ళ ప్రాజెక్టులని నియంత్రించే ప్రభుత్వ సంస్థ రెరాలో ప్రాజెక్టు రిజిస్టరు చేసినప్పుడు పూర్తిచేసే తేదీ అని ఒకటి రాసిస్తారు. ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు కొడితే అది కనిపిస్తుంది. అమ్మాయి చేత ఇవాళే చూపించుకోండి. మీకు చెప్పిన తేదీ, అక్కడున్న తేదీ ఒకటేనేమో చూడండి.

ఇక ఖరీదు. పదిహేడో అంతస్తంటే ఆరు నుంచి లెక్కేస్తే పన్నెండు అంతస్తుల అదనం. అంటే అడుగుకి 240 రూపాయలు. 6,440 చొప్పున 1,750 అడుగులకి 1 కోటి 12 లక్షల 70 వేలు. కడుతున్న ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ, ఐదు లక్షల అరవై వేల పైచిలుకు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, మరో ఎనిమిదిన్నర లక్షలు. కారు పార్కింగు, క్లబ్‌హౌసు, కార్పస్ ఫండు (అసోసియేషన్ మూలనిధి) వగైరాలు వేసుకుంటే కోటీ ముప్పై దగ్గర తేలుతుంది. ఇందులో వంటింటి అరల నుంచి దోమతెరల దాకా చెక్కపని ఏదీ లేదు. అల్లుడు గారు చెప్పిన 6,200 మీద మాత్రం మీ మనసు ఆగిపోయింది. మీరు నిజంగా కాలు పెట్టి నడిచేది 1,190 అడుగులు. దాని మీద చూస్తే అడుగు 9,470 పడుతోంది. మిగతా 560లో గోడలు, వరండాలు, మెట్లు, లాబీ, క్లబ్‌హౌసులో మీ వంతు ఉన్నాయి. అది మోసమేమీ కాదు, అందరూ అలాగే అమ్ముతారు. కాకపోతే రెండు ప్రాజెక్టులని పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియా మీదే పోల్చండి.

మీ ఇద్దరి జీవితకాలం సంపాదన మొత్తం ఇందులోకి వెళ్ళిపోతోందని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. చేతిలో మిగిలేది పింఛను. మెయింటెనెన్సు అడుగుకి నాలుగు రూపాయలనుకున్నా నెలకి ఏడు వేలు. అది పెరుగుతుందే గాని తగ్గదు. నెలకి 7,500 దాటి, అసోసియేషన్ వసూళ్ళు ఏడాదికి 20 లక్షలు మించితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. బలగలో మోటారు పాడైతే మెకానిక్కుని పిలిచి మూడొందలో ఐదొందలో ఇస్తారు, ఆ నెల చేతిలో లేకపోతే పక్కింటి వాళ్ళ కుళాయి పట్టుకుంటారు. అపార్టుమెంటులో మెయింటెనెన్సు ఇవ్వనంటే కుదరదు.

ఇంత చెప్పాక ఎత్తు మీద కాపురం చెడ్డదని అనుకోకండి. నాకు ఆ అభిప్రాయం లేదు. పదో అంతస్తు దాటాక దోమలు బాగా తగ్గుతాయి. నాగావళి పక్కన ఇన్నేళ్ళున్న మీకు ఆ సుఖం విలువ నేను చెప్పాలా? వేసవి సాయంత్రం సముద్రం గాలి, కిందనుంచి హారన్ల మోత లేకపోవడం, ఒకవైపు కంబాలకొండ పచ్చదనం, ఇవన్నీ నిజంగా ఉన్నాయి, బ్రోచరులో బొమ్మలు మాత్రమే కావు. తాళం వేసి పదిహేను రోజులు బెంగళూరు వెళ్ళి రావచ్చు, దొంగల భయం లేదు. ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు దగ్గర. అమ్మాయి దగ్గర. డెబ్బై దాటాక ఈ చివరి రెండూ అన్నిటికంటే ముఖ్యమవుతాయి. మీ ఆయన మొగ్గు చూపుతున్నారంటే బహుశా ఇందుకే. ఆయన్ని తప్పుపట్టకండి.

గొడవంతా కరెంటు పోయిన రోజున. హుద్‌హుద్ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది. నాలుగేళ్ళకి, 2018 అక్టోబర్ 11న, తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానాన్ని ఊడ్చేసింది. భవనం కూలుతుందని భయపడక్కర్లేదు. భారతీయ ప్రమాణాల్లో విశాఖకి లెక్కలోకి తీసుకోవలసిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లే. సరైన ఇంజనీరు ఆ లెక్కనే స్తంభాలు వేస్తాడు. పగిలేవి అద్దాలు. పై అంతస్తుకి గాలి తాకిడి ఎక్కువ, బాల్కనీ తలుపు సందుల్లోంచి వాన నీళ్ళు హాల్లోకి వచ్చేస్తాయి. ఆ తరవాత కరెంటుండదు. జనరేటరు డీజిలు అయిపోతే లిఫ్టుండదు, పంపులు ఆగిపోయి నీళ్ళూ ఉండవు. అంతస్తుకి ఇరవై మెట్లు వేసుకున్నా పదిహేడంటే 340 మెట్లు. మీరు రిటైరయ్యే వయసుకి అవి ఎక్కగలరేమో, నీళ్ళ బిందెతో మాత్రం ఎక్కలేరు. అందుకని అమ్మేవాళ్ళని ఈ మాట అడగండి: జనరేటరు మీద ఎన్ని లిఫ్టులు తిరుగుతాయి, నీళ్ళ పంపు తిరుగుతుందా, డీజిలు ఎన్ని గంటలకి నిలవ ఉంచుతారు? క్లబ్‌హౌసు ఏసీ గురించి గడగడా చెప్పే కుర్రాడు ఇక్కడ తడబడితే మీకు సగం జవాబు వచ్చేసినట్టే.

సముద్రపు ఉప్పుగాలి మాట కూడా చెప్పాలి. బయట బిగించే ఏసీ యూనిట్లు, బాల్కనీ ఇనుప గ్రిల్లులు తొందరగా తుప్పు పడతాయి. ఇరవై రెండంతస్తుల గోడకి బయటనుంచి రంగు వేయాలంటే తాళ్ళ మీద మనుషుల్ని దించాలి. ఆ ఖర్చు అసోసియేషన్ది, అంటే మీది.

అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే కాగితం, అదే ఎన్‌ఓసీ, చూడకుండా అంత ఎత్తున ఎవరూ కొనకూడదు. ఎత్తైన భవనాల్లో మంటలొచ్చినప్పుడు జనం వచ్చి నిలబడటానికి ఖాళీ చోటు వదలాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతోంది. ప్లానులో అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఇప్పటికే జనం కాపురముంటున్న, అదే బిల్డరు కట్టిన వేరే భవనం ఉంటే వెళ్ళి ఆ చోట ఏముందో చూడండి. పాత సోఫాలు, సైకిళ్ళు కనిపిస్తే ఆ అసోసియేషన్ ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఈ మాట రాయడానికి నాకే కొంచెం ఇదిగా ఉంది. ఆవిడ నూరేళ్ళూ ఉండాలి. కానీ 84 ఏళ్ళ మనిషితో ఫ్లాటు కొంటున్నవాళ్ళు స్ట్రెచరు పట్టే లిఫ్టు ఉందా లేదా అని చూసుకోవాలి. మూడు లిఫ్టుల్లో ఒకటైనా అలాంటిది లేకపోతే, అర్ధరాత్రి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సి వస్తుంది. అలాగే ఎవరైనా కాలం చేస్తే అసోసియేషన్ నిబంధనలేమిటి? ఒక్కో చోట ఒక్కో పద్ధతి నడుస్తోంది. పార్థివ దేహాన్ని పైకి తీసుకెళ్ళనివ్వని చోట్లున్నాయి, కింద సెల్లారులో గంటసేపు ఉంచడానికే ఇరుగుపొరుగులు ముఖం చిట్లించే చోట్లున్నాయి, అందరూ కలిసి ఏర్పాట్లు చేసే చోట్లూ ఉన్నాయి. పదకొండో రోజు, పన్నెండో రోజు కర్మ ఎక్కడ చేస్తారు, చుట్టాలెక్కడ కూర్చుంటారు? బలగ వీధిలో ఇవి ఎవరినీ అడిగి చేసే పనులు కావు. షామియానా వేస్తారు, అంతే. మీ ఆయన వైపు పెద్దవాళ్ళు ఈ విషయంలో పట్టింపున్న వాళ్ళయితే ముందే మాట్లాడుకోండి.

రథసప్తమికి కూడా అదే మాట. అరసవల్లిలో తెల్లవారకుండానే క్యూలో నిలబడటానికి ముందు రోజు రాత్రే మీ ఇంట్లో దిగే చుట్టాలు ఎంతమంది? వాళ్ళని వదిలించుకోవచ్చని మీరు లోలోపల సంతోషిస్తున్నా నేనేమీ అనను. సంవత్సరానికోసారి ఆ ఇంటినిండా జనం ఉండటమే మీ అత్తగారికి పండగైతే మాత్రం ఆలోచించాలి.

భోగాపురం సంగతికి వద్దాం. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన నాటి నుంచి మధురవాడ నుంచి విజయనగరం దాకా ప్రతి వెంచరు బోర్డు మీదా విమానం బొమ్మ ఉంది. ఆ బొమ్మ ఖరీదు ఈపాటికి మీకు చెబుతున్న 6,200లోనే కలిసి ఉంది. అది మీకు లాభంగా తిరిగి రావాలంటే ఇంకా పెరగాలి. పెరిగేది ఏమిటి? భూమి. కట్టడం ఏటేటా పాతబడుతుంది. మీ కోటీ ముప్పై లక్షల వెనక ఉన్న భూమి 38 గజాలు, అది కూడా 176 కుటుంబాలతో కలిపి, గీత గీసి ఇది నాది అనలేనిది. ఐదంతస్తుల అపార్టుమెంటులో ఇంతే ఫ్లాటుకి వాటా దీనికంటే చాలా ఎక్కువ వస్తుంది. ఎత్తు పెరిగిన కొద్దీ మనిషికి మిగిలే నేల తగ్గుతుంది. మరోవైపు బలగలో 150 గజాలు పూర్తిగా మీ పేరున ఉన్నాయి. పెట్టుబడి అనే మాట ఎత్తితే ఈ మార్పిడి నాకు మింగుడుపడటం లేదు. ఉండటానికి కొంటున్నాం అంటే అది వేరే లెక్క, అప్పుడు రేటు రెట్టింపవుతుందా లేదా అన్న చర్చ మానేయండి. అమ్మని ఇంటికి ధర పెరిగితే ఏం, తగ్గితే ఏం?

కాగితాల గురించి లాయరు చెబుతాడు గాని, ఆ ప్రాంతానికి సంబంధించి నేనూ ఒక మాట చెప్పాలి. మధురవాడ, కొమ్మాది వైపు భూముల రికార్డులు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేయాల్సి వచ్చింది. అందుకని అక్కడ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అదే 22-ఏలో, ఉందేమో చూడటం, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీతో పాటు ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు తీయించడం, ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డీ-పట్టా భూమి మూలాలున్నాయేమో కనుక్కోవడం తప్పనిసరి. లాయరు బిల్డరు చూపించినవాడు కాకూడదు. బ్యాంకు లోను ఇస్తోంది కాబట్టి అంతా సవ్యమే అంటారు. బ్యాంకు చూసేది దాని డబ్బు తిరిగొస్తుందా అని. ప్లాను మంజూరు చేసేటప్పుడు కొంత భాగాన్ని మునిసిపాలిటీ దగ్గర హామీగా ఉంచుతారు. మీ ఫ్లాటు ఆ భాగంలో ఉందేమో కూడా చూపించుకోండి.

మీవాళ్ళలో ఎవరైనా "మొత్తం ముందే కట్టేస్తే అడుగు ఐదు వేలకే" అనే ప్రీ-లాంచ్ బేరం తెచ్చారంటే వెంటనే లేచి వచ్చేయండి. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే 2016 రెరా చట్టం ప్రకారం నేరం. రిజిస్టరైన ప్రాజెక్టులోనైనా, రిజిస్టర్డ్ అగ్రిమెంటు రాయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఖాతాలో ఉంచాలి. తాళాలిచ్చాక ఐదేళ్ళ లోపు కట్టడంలో లోపాలు బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ హక్కులన్నీ ఉన్నాయి, నిజమే. వాటి కోసం రెరా ఆఫీసు చుట్టూ తిరగాల్సిన వయసు మీది కాదు కాబట్టి, కొంటే కట్టడం పూర్తయి, ఇక కాపురముండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటే కొనండి. దానికి జీఎస్టీ కూడా ఉండదు. అడుగుకి నాలుగొందలు ఎక్కువ పడ్డా, జీఎస్టీలో మిగిలే ఆ ఐదున్నర లక్షలతో అందులో చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. పైగా లిఫ్టు ఎక్కి, కుళాయి తిప్పి, పక్కవాళ్ళతో మాట్లాడి కొనుక్కోవచ్చు.

అయితే ఇప్పుడేం చేయాలంటారా? మే తరవాత బలగ ఇంట్లో ఒక గది ఉంచుకుని మిగతాది అద్దెకివ్వండి. మధురవాడ వైపే, అమ్మాయి ఇంటికి దగ్గర్లో, పదికి పైన ఏదో ఒక అంతస్తులో ఫ్లాటు ఏడాది అద్దెకి తీసుకోండి. కోటీ ముప్పై లక్షలకి ఏడు శాతం వడ్డీ వేసుకుంటే నెలకి 75 వేల పైన వస్తుంది. అలాంటి ఫ్లాటుకి అద్దె అందులో సగం కూడా ఉండదు, అమ్మాయిని వాకబు చేయమనండి. రిటైర్మెంటు డబ్బు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేసుకోవచ్చు, ఒక్కొక్కరికి 30 లక్షల దాకా వీలుంది, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఆ ఏడాదిలో ఒక వర్షాకాలం, ఒక అక్టోబరు తుఫాను నెల గడవనివ్వండి. అత్తగారికి లిఫ్టంటే భయమా, బాల్కనీలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయా, కింద పార్కులో ఆవిడకి మాట్లాడే మనిషి దొరికిందా, అన్నీ తెలుస్తాయి. మీ ఆయనకి శ్రీకాకుళం మీద గాలి మళ్ళి వారానికోసారి బస్సెక్కుతున్నారేమో కూడా చూడండి. నా అనుమానం, ఎక్కుతారు.

ఏడాదయ్యాక అందరికీ నచ్చితే అప్పుడు ఇల్లు అమ్మి, పూర్తయిన ఫ్లాటు కొనండి. అమ్మిన లాభం మీద పన్ను ఉంటుంది. రెండేళ్ళలోపు వేరే ఇల్లు కొంటే మినహాయింపు దొరుకుతుంది, కడుతున్న దానికైతే మూడేళ్ళ గడువు, బిల్డరు ఆలస్యం చేస్తే ఆ తలనొప్పి మీది. అమ్మే ముందే ఆడిటరుని కలవండి. ఫ్లాటు మీ ఇద్దరి పేరునే ఉండాలి. అబ్బాయి లోను కోసం అతని పేరు చేర్చాల్సి వస్తే మీ పేర్ల తరవాత చేర్చండి. అల్లుడు గారు నొచ్చుకుంటారేమోనని ఇందులో మొహమాటపడకండి.

కొనే అంతస్తు విషయానికొస్తే, మీ ఇంట్లో ఉన్న వయసులకి నాలుగు నుంచి ఎనిమిది మధ్య చూడమంటాను. దోమలు కాస్త ఎక్కువే గాని మెట్లు తక్కువ, అదనపు రేటూ పెద్దగా ఉండదు. వాస్తు గురించి మీ ఉత్తరంలో లేదు గాని మీ ఆయన అడిగే ఉంటారు. ఆయనకి పట్టింపుంటే తూర్పో ఉత్తరమో చూసుకోండి, దానికి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

టోకెన్ రెండు లక్షలు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఆఫరు నెలాఖరుకి పోతే పోనివ్వండి, సంక్రాంతికి ఇంకోటి వస్తుంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, మీరు సంతకం పెట్టిన బుకింగు ఫారంలో రద్దు షరతులు ఏం రాసి ఉన్నాయో చూసి, రద్దు చేసుకుంటున్నామని ఈమెయిల్లో రాతపూర్వకంగా పెట్టించండి. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. రసీదు జాగ్రత్తగా ఉంచండి.